చీల దాచిన ఊళ్లు

మొన్న నిడదవోలు నుంచి ఒక ముసలాయన రైలెక్కి నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. పేరు వెంకన్న. ఒకప్పుడు ధవళేశ్వరం కొండమీద మా నాన్న చేతికింద రాళ్లు కొట్టినవాడు. మేస్త్రిగారి అమ్మాయి రాజమహేంద్రవరంలో ఆడపిల్లల బడి పంతులమ్మగా చేసి ఇప్పుడు ఇంటిపట్టున ఉంటోందని ఎవరో చెప్పారట. కాలూచెయ్యీ ఆడుతుండగానే ఒకసారి చూసిపోదామని వచ్చాడు. వసారాలో కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాను. చెంబు చేత్తో పట్టుకుని, తాగకుండా, "మర్యాదంటే మీ నాన్నగారిదేనమ్మా," అన్నాడు. "పిలిస్తే కాదన్న మనిషి కాదండి. మీ అమ్మగారూ మీరూ మా ఇంట దిగినప్పుడు మా ఆవిడ వండినవన్నీ వద్దనకుండా తిన్నారండి. బండి చీల దాచేస్తే నవ్వేసి మళ్లీ పీటమీద కూర్చున్నారండి. అలాంటి మనుషులూ లేరు, ఆ రోజులూ లేవు." నా చేతిలోని గరిటె జారిపడింది. వయసు మీదపడిందని ఆయన జాలిపడ్డాడు. వయసు కాదు, కోపం. ఇంటికొచ్చిన పెద్దమనిషిని పట్టుకుని ఏమనగలను? ఇంకో చెంబు మజ్జిగ పోసి, సాయంత్రం రైలుకు సాగనంపి, ఇది రాయడానికి కూర్చున్నాను.

మీ చిన్నతనం గురించి రాయండి పంతులమ్మగారూ అని నన్ను అడిగేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. వాళ్లందరికీ కావలసింది ఒకటే మాట. ఆ రోజులు బంగారం, ఇప్పుడు మనుషులు చెడిపోయారు అని నేను రాయాలి, వాళ్లు తల ఊపుకుంటూ చదవాలి. బంగారమో ఇత్తడో గీటి చూసినవాళ్లను అడగాలి. మా అమ్మ గీటి చూసింది. ఆవిడ చెప్పకుండానే పోయింది కాబట్టి నేను చెబుతున్నాను.

మా ఇల్లు ధవళేశ్వరంలో కొండ వాలుకు ఉండేది. ఆనకట్ట కట్టడం నేను పుట్టకముందే అయిపోయినా, మరమ్మతులకూ లాకులకూ ఆ కొండనుంచి రాయి తీస్తూనే ఉండేవారు. నా చిన్నతనమంతా ఉలి చప్పుడే. పొద్దున్నే మొదలై ఎండ నడినెత్తికి వచ్చేదాకా సాగేది. అప్పుడు గంట కొట్టేవారు, అమ్మ పొయ్యిమీద ఉన్న గిన్నెలన్నింటికీ మూతలు వేసేది, కొండమీద మందుగుండు పేలేది, కాసేపటికి సన్నని తెల్లటి దుమ్ము మా పెంకులమీద వాలేది. బియ్యంలో దుమ్ము, ఆరేసిన చీరల్లో దుమ్ము, పెరుగు మీగడమీద కూడా దుమ్మే. నాన్న ఇంటికి రాగానే పంచెనుంచి మందుగుండు వాసనా, చెమట వాసనా, మీసాలకు రాసుకునే సంపెంగ నూనె వాసనా కలిసి కొట్టేవి. ఆయన గడప దాటేముందే అమ్మ కాళ్లకు నీళ్లు పెట్టి, విసనకర్ర పట్టుకుని నిలబడేది. ఆయన మేస్త్రి. కొండమీద వందలమందికి ఆయన మాటే వేదం, దొరలు కూడా ఆయన్ను అడగకుండా ఎక్కడ పేల్చాలో రాతి పొరమీద గుర్తు పెట్టేవారు కాదని చెప్పుకునేవారు. ఇంట్లో మాత్రం అమ్మతో నాలుగు మాటలు కలిపి మాట్లాడగా నేను వినలేదు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటారే, అది మా నాన్నను చూసే పుట్టిందేమో అనుకునేదాన్ని.

తరువాత రాయి తీయడం ఆగిపోయింది. పనివాళ్లు తట్టా బుట్టా సర్దుకుని గోదావరి దాటి తలో ఊరికీ పోయారు. ఊరు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. నాన్న అరుగుమీద కూర్చుని దారినపోయేవాళ్లను చూస్తుండేవాడు. మేస్త్రిగారూ అని పిలిచేవాడు లేడు. మీసాలకు నూనె రాసుకోవడం మాత్రం మానలేదు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆయన తరువాత మా ప్రయాణంలో ఎందుకలా చేశాడో నాకు తెలియక కాదు అని మీకు తెలియాలి. బాగా తెలుసు. తెలిసినంత మాత్రాన కోపం పోవాలని ఎక్కడుంది?

ఆ వేసవిలో కొల్లేటినుంచి ఎండుచేపలు అమ్ముకునే మనిషి ఒకడు మా గుమ్మంలో గంప దించాడు. అమ్మ పుట్టిల్లు కొల్లేటి గట్టున. అక్కడ అమ్మమ్మా, మా మేనమామా, ఆయన భార్యా ఉండేవారు. "మీ అమ్మగారు మంచం పట్టారండి," అన్నాడు వాడు. "చూపు బొత్తిగా ఆనడం లేదండి. మాణిక్యం వచ్చిందా, మాణిక్యం వచ్చిందా అని అదే మాటండి. ఎక్కువ రోజులు ఆగేలా లేరు, ఉన్నపళంగా బయల్దేరమన్నారు మీ అన్నగారు." మాణిక్యం మా అమ్మ. నన్ను కన్నాక ఆవిడ పుట్టింటి గడప తొక్కలేదు, పనిరోజుల్లో నాన్నకు తీరిక లేక. ఆవిడ ఏడవలేదు. లోపలికి వెళ్లి రెండు చీరలు మూటగట్టి, నాకు తల దువ్వి, బయటికి వచ్చి నిలబడింది. అది చూసి నాన్న "వెళ్దాం, ఎందుకు వెళ్లం?" అన్నాడు. ఆయన మంచివాడు కాదని నేను అనలేదు సుమండీ. అదే కదా చిక్కు.

మరమ్మతులకని కాలువల్లో నీళ్లు కట్టేసిన రోజులు. కాలువ పడవలు నడవడం లేదు. రేవు పడవమీద గోదావరి దాటి, అక్కడినుంచి బండిమీద వెళ్లాలి. ఎద్దులు మావే, తోలేవాడు సోమన్న. గట్టిగా తోలితే మూడు నాలుగు రోజుల దారి. అత్తవారింటికి ఉత్తచేతులతో వెళ్లడం తన పరువుకు తక్కువని నాన్న మంచి రుబ్బురోలు ఒకటి చేయించి బండిలో ఎక్కించాడు. కొల్లేటి ఒండ్రు నేలలో రాయి అనేది కనబడదు, అక్కడ రోలంటే గొప్ప కానుక. చావుమంచం మీదున్న మనిషికి రుబ్బురోలు. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగాడట ఇంకొకడు. రోలు నునుపు తేలడానికి రెండు రోజులు పట్టింది, ఆ రెండు రోజులూ అమ్మ మూట విప్పలేదు.

నిడదవోలులో వెంకన్న ఎదురొచ్చాడు. మేస్త్రిగారు ఏరు దాటారని మాకంటే ముందే కబురు దాటిపోయింది. మంచినీళ్లు తాగి వెళ్లిపోతాం అన్నాడు నాన్న. పనసపొట్టు కూర, మామిడికాయ పప్పు, గారెలు, పాయసం అయ్యేసరికి పొద్దు వాలింది. తెల్లారి ఎద్దులను కడదామని చూస్తే బండికి చీల లేదు. చక్రం ఊడిపోకుండా ఇరుసు కొసన దిగ్గొట్టే ఇనప చీల అది. అది లేకపోతే బండి కదలదు. మా వైపు ఇదొక సరదా. చుట్టం వెళ్తానంటే వద్దని చెప్పరు, చీల తీసి బియ్యం కుండలోనో ఆవకాయ జాడీ వెనకో దాచేస్తారు. అది మహా గౌరవం. చీల దాచని ఇల్లు చుట్టాన్ని వదిలించుకోవాలని చూసిందని ఊరు చెప్పుకుంటుంది. చుట్టం కూడా కోప్పడకూడదు, వెతుకుతున్నట్టు నటించి, ఓడిపోయానని ఒప్పుకుని, పీటమీద కూర్చోవాలి. నాన్న ఓడిపోయాడు. అంత సంతోషంగా ఓడిపోయిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. చుట్టూ పాత పనివాళ్లు చేరారు, మేస్త్రిగారండీ ఆ పొర గుర్తుందాండీ, ఆ పేలుడు గుర్తుందాండీ అని. ఆయన మీసం దువ్వుకుంటూ కొండ కథలు చెబుతున్నాడు. అమ్మ వంటింటి గుమ్మం దగ్గర వెంకన్న భార్యతో మెల్లగా, "మా అమ్మకు బాగోలేదమ్మా, వెళ్లాలి," అంది. "అయ్యో, అలాగేనండి, ఈ పూట తిని వెళ్లండి," అంది ఆవిడ. ఆవిడ కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి. చీల మాత్రం ఇవ్వలేదు.

దారిలో ప్రతి ఊరూ అంతే. ఒకచోట తాటిముంజలు, ఒకచోట కొత్త ఆవకాయతో ఏడు రకాలు, ఇంకోచోట చెరకు పానకం. తాడేపల్లిగూడెం ఇవతల ఒక ఇంట్లో ఇల్లాలు మా రోలును చేత్తో నిమిరి, "ఎంత నున్నగా ఉందండీ, మాకిలాంటిది ఎక్కడ దొరుకుతుందిలెండి," అంది. అంతే, నాన్న సోమన్నను పిలిచి దాన్ని అక్కడే దింపించేశాడు. అత్తగారి కోసమని రెండు రోజులు మమ్మల్ని కూర్చోబెట్టి చేయించిన రోలు. అమ్మ ఒక్కమాట అనలేదు సరికదా, బండి తేలికైందని ఆవిడ ముఖం కొంచెం తేటపడింది. ఇక ఎద్దులు చురుగ్గా నడుస్తాయనుకుంది పాపం. వాళ్లు రోలుకు బదులుగా ఒక గెల అరటికాయలూ, గుమ్మడికాయలూ, కొబ్బరికాయల బస్తా ఒకటీ ఎక్కించారు. బండి మళ్లీ బరువెక్కింది.

ఆ రాత్రి పడుకోబోయే ముందు అమ్మ ఒక్కసారి నోరు విప్పింది. "ఏమండీ, మనం ఇలా ఆగుతూపోతే మా అమ్మ నాకు దక్కదు," అంది. నాన్న చాలా మెత్తగా అన్నాడు, "పెద్దావిడ గట్టి మనిషి మాణిక్యం. వాళ్లు అంత ప్రేమగా అడుగుతుంటే విదిలించుకుని ఎలా వెళ్లమంటావు? మన గురించి ఏమనుకుంటారు?" మన గురించి ఏమనుకుంటారు. ఈ ఒక్క మాట మా గోదావరి మనుషుల్ని పుట్టింది మొదలు కాటిదాకా తోలుతుంది, ముల్లుగర్ర అక్కర్లేదు. పోయేవాళ్లు పోతుంటారు, మనం వాళ్లూ వీళ్లూ ఏమనుకుంటారో చూసుకుంటూ కూర్చుంటాం.

మెట్ట అంచున ఎర్రరాయి తవ్విన ఊరొకటి ఉంది. లాకుల పనికీ వంతెనల పనికీ అక్కడ రాయి కోసేవారు, అదీ ఆగిపోయి గోతులే మిగిలాయి. పాతిక ముప్పై గోతులు, అడుగున ఎర్రటి నీళ్లు, ఆడవాళ్లు అందులోనే స్నానాలూ బట్టలూ. పని పోయినా జనం పోలేదు. అక్కడున్న లచ్చన్న కొండమీద నాన్నకు కుడిభుజంలాంటి వాడు. అతనింట్లో మేకను కోశారు. మర్నాడు ఎద్దులు కట్టబోతే షరా మామూలే, చీల లేదు. ఈసారి నాన్న ఓడిపోయి, తిని, మధ్యాహ్నం కునుకు తీసి లేచి, "ఇక ఇచ్చెయ్యి లచ్చన్నా, పొద్దుపోతోంది," అన్నాడు. లచ్చన్న తల గోక్కున్నాడు. దాచింది అతని తమ్ముడట. ఆ తమ్ముడు పొద్దున్నే పొరుగూరి పెళ్లికి వెళ్లాడట, చీల ఎక్కడ పెట్టాడో చెప్పలేదట. "సాయంత్రానికి వచ్చేస్తాడండి," అన్నాడు. సాయంత్రం రాలేదు. మర్నాడూ రాలేదు. అక్కడ వాడి బండి చీల ఇంకెవరో మర్యాదస్తులు దాచి ఉంటారు. సోమన్న తుమ్మకర్రతో చీల చెక్కి పెడతానన్నాడు. "కర్ర చీలతో వెళ్లి దారిలో చక్రం ఊడితే ఆడవాళ్లతో ఇబ్బంది. ఊరెళ్లిన కమ్మరి రేపు వస్తాడటగా, ఇనపదే చేయిద్దాం," అన్నాడు నాన్న. "ఆయ్, రేపు తప్పకుండా వస్తాడండి," అన్నాడు లచ్చన్న. "ఈలోగా కొరమీనులు తెప్పించానండి, పులుసు పెట్టిస్తాను."

మర్నాడు తెల్లవారుతుండగా అమ్మ నన్ను లేపి, స్నానానికని ఆడవాళ్లతో చెప్పి, గోతుల దారి పట్టింది. గోతుల దగ్గర ఆగలేదు. నా చెయ్యి పట్టుకుని పడమరగా నడుస్తూనే ఉంది. "ఎక్కడికమ్మా?" అంటే, "మా అమ్మ దగ్గరికి," అంది. మొగుడి చాటున తప్ప వీధిలోకి రాని మనిషి. దారి తెలియదు, కనబడ్డవాళ్లనల్లా కొల్లేరు ఎటు అని అడిగింది. ఎండకు నేల కాలుతుంటే తన పైట చింపి నా పాదాలకు చుట్టింది. చీకటి పడ్డాక ఒక చలివేంద్రం పాకలో ఒరిగాం. దారిలో ఒక రైతు ఇంటావిడ పిలిచి, ఎండలో ఈ పసిదాన్ని నడిపిస్తున్నారేంటి, కాసేపు కూర్చుని అన్నం తిని వెళ్లండి అంది. అమ్మ చేతులెత్తి దణ్ణం పెట్టి, నిలబడి నీళ్లు మాత్రం తాగి, నాకో బెల్లం ముక్క అడిగి తీసుకుని కదిలింది. ఆవిడ వెనకనుంచి, "ఏం మనుషులమ్మా, మర్యాద తెలియని మనుషులు," అనడం నాకు వినబడింది.

ఇప్పుడు ఆ దారిన రైలు పోతోంది. గోదావరిమీద వంతెన వేశాక పొద్దున ఎక్కితే మధ్యాహ్నానికల్లా ఏలూరులో దిగొచ్చు. నా ఈడువాళ్లు రైలును తిడుతుంటే వింటుంటాను. మనిషికీ మనిషికీ మధ్య ప్రేమ పోయిందనీ, దారిలో ఎవరి గడపా తొక్కకుండా పెట్టెలో కూర్చుని పోతున్నామనీ వాళ్ల బాధ. నాకు ఆ రైలంటే ఎంత ఇష్టమో చెప్పలేను. గంట కొడితే కదులుతుంది. ఎక్కినవాడు మేస్త్రా మునసబా అని చూడదు. దాని చీల దాచడం ఏ పెద్దమనిషి వల్లా కాదు. మా అమ్మ దాన్ని చూడకుండానే పోయింది, ఆ కోపం కూడా నాకుంది.

మర్నాడు మేం కొల్లేటి గట్టు ఎక్కేసరికి నీళ్లు ఎండకు వెనక్కి తగ్గి, నెర్రెలు విచ్చిన బురదమీద తాటిదోనెలు బోర్లించి ఉన్నాయి. గాలినిండా నాచు వాసన, ఎండుతున్న చేపల వాసన. అమ్మ ఇల్లు దూరంనుంచే గుర్తుపట్టి పరుగెత్తింది. వాకిట్లో మామయ్య తడిగుడ్డతో కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేవలేకపోయాడు. అమ్మమ్మ ముందురోజే పోయింది, అప్పటికి దహనం కూడా అయిపోయింది. అమ్మ లోపలికి వెళ్లి ఖాళీ మంచం పట్టెమీద చెయ్యి వేసి కూర్చుంది. ఒక్కరోజు. ఆ ఒక్కరోజు ఏ ఊళ్లో పోయిందని నన్నడిగితే ఏ ఊరని చెప్పను? అన్ని ఊళ్లూ తలా కాస్త తిన్నాయి.

చిన్నకర్మ నాటికి నాన్న బండి వచ్చింది, గుమ్మడికాయలూ కొబ్బరికాయలతో సహా. ఆయన మామయ్యను కౌగిలించుకుని నిజంగానే ఏడ్చాడు. మేం చెప్పకుండా వెళ్లిపోయినందుకు అమ్మను ఒక్కమాట అనలేదు. అంత ఎండలో, అంత దూరంనుంచి, పని మానుకుని వచ్చాడని ఊరంతా మెచ్చుకుంది. ఏ పని మానుకున్నాడో నాకు అర్థం కాలేదు. భోజనాల వేళకు వసారాలో పంక్తి వేశారు. నాన్న మొదటి విస్తరి ముందు కూర్చుని, లచ్చన్న తమ్ముడు పెళ్లిలో ఇరుక్కుపోయిన సంగతి పక్కవాళ్లకు చెబుతుంటే వాళ్లు చావింట్లో ఉన్నామని మరిచి నవ్వారు. వంటింట్లో అమ్మ అన్నం వార్చిన గిన్నె ముందు కూర్చుని ఉంది. నేను పక్కన ఆకులు తుడుస్తున్నాను. మా అత్తయ్య, అంటే మామయ్య భార్య, తలుపు దగ్గరగా వేసి అమ్మ ఎదురుగా చతికిలబడింది.

"మాణిక్యం, నువ్వు తరవాత ఎవరి నోటా వినకూడదని చెబుతున్నాను," అంది. "గట్టుమీద ఏ బండి గంటలు వినబడినా వచ్చిందా అని లేవబోయేది. ఆఖరి పొద్దు మరీ గోలపెట్టేసింది. కళ్లు కనబడటం లేదు కదా. చూడలేక నేనే పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని, వచ్చానమ్మా అన్నాను. నీ గొంతుతో."

అమ్మ తలెత్తి చూసింది. "నమ్మిందా?"

"నమ్మింది. నా చెయ్యంతా తడిమింది. నా మొహం నిమిరి చూసింది."

"నాతో ఏమంది?"

"ఎండన పడి వచ్చావు, దారిలో అన్నం ఎవరు పెట్టారే తల్లీ, కడుపునిండా తిన్నావా అంది. అంతే. మళ్లీ మాట లేదు."

"నువ్వేం చెప్పావు వదినా?"

"తిన్నానమ్మా అన్నాను. ఏం చెయ్యను మరి, అబద్ధం ఆడేశాను."

వసారాలోనుంచి నాన్న పులుసు అడుగుతున్నాడు. అమ్మ పులుసు గిన్నె అందుకుని లేచింది.

"అబద్ధం కాదులే వదినా," అంది. "దారంతా తింటూనే వచ్చాను."